బెన్ఫికా మహిళల జట్టు చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

2024 జనవరిలో బార్సిలోనాతో 4-4 డ్రా చేసుకున్న ఆ జట్టు ఏమిటా అని వెతుకుతూనో, పోర్చుగల్ క్రీడాకారిణి కీకా నజరెత్ బార్సిలోనాకి వెళ్లకముందు ఎక్కడ ఆడిందో చూద్దామనో చాలామంది పోర్చుగల్ ఫుట్‌బాల్ క్లబ్ బెన్ఫికా మహిళల జట్టు దగ్గరికి వస్తారు. రాగానే కంటబడేది ట్రోఫీల పట్టిక. 2020-21 నుంచి 2024-25 దాకా వరసగా ఐదు లీగ్ టైటిళ్లు, వాటి పక్కన కప్పులు, సూపర్ కప్పులు. అది చూసి "పోర్చుగల్‌లో ఎప్పుడూ వీళ్లదే రాజ్యం కాబోలు" అనుకుని అక్కడితో ఆపేస్తే చరిత్రలో పెద్ద భాగం చేజారిపోతుంది. ఈ జట్టు మొదటి అధికారిక మ్యాచ్ ఆడింది 2018లో. పోర్చుగల్‌లో ఆడవాళ్ల జాతీయ పోటీ మొదలైంది 1985-86లో. మధ్యలో ముప్ఫై ఏళ్లకు పైగా ఎవరో ఆడారు, ఎవరో గెలిచారు. వాళ్లు లేకపోతే ఈ లీగే ఉండేది కాదు.

అందుకే నేను చెప్పే పద్ధతి చాలా సింపుల్. ట్రోఫీల లెక్క చివర్లో చూడండి. ప్రతి టైటిల్ దగ్గరా ఆ ఏడాది లీగ్‌లో ఎవరెవరున్నారు, ఎవరు ఇంకా రాలేదు అనే ప్రశ్న వేసుకోండి. ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే పోర్చుగల్‌లో ఏ మహిళా క్లబ్ చరిత్రనైనా చదవగలరు. ఇక్కడ బెన్ఫికాని తీసుకుని అదెలాగో చూపిస్తాను.

ముందు ఏ బెన్ఫికానో తేల్చుకోండి

కొత్తగా వచ్చేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పాత చాంపియన్ల జాబితాలో 2014-15, 2015-16 దగ్గర "ఫుటెబోల్ బెన్ఫికా" అని ఉంటుంది. అది ఎర్ర జెర్సీ, గద్ద గుర్తు, లూజ్ స్టేడియం ఉన్న పెద్ద క్లబ్ కాదు. లిస్బన్‌లో బెన్ఫికా అనే పేటలో ఉన్న వేరే క్లబ్, దాన్ని స్థానికులు ముద్దుగా ఫోఫో అంటారు. ఆ రెండేళ్లూ లీగూ కప్పూ రెండూ గెలిచిన జట్టు అది. మనం మాట్లాడుకుంటున్న పెద్ద క్లబ్ పూర్తి పేరు స్పోర్ట్ లిస్బోవా ఇ బెన్ఫికా.

గుర్తు పెట్టుకోవడానికి ఒక రూల్ చాలు. 2018కి ముందు మహిళల ఫుట్‌బాల్‌లో బెన్ఫికా పేరుతో ఏ ట్రోఫీ కనిపించినా అది ఫోఫో వాళ్లదే. ఈ రెండిటినీ కలిపేసి "బెన్ఫికాకి ఏడు లీగ్ టైటిళ్లు" అని రాసేవాళ్లు ఉంటారు. తప్పుగా కలిపితే చిన్న క్లబ్ కష్టపడి తెచ్చుకున్నది పెద్ద క్లబ్ ఖాతాలో పడిపోతుంది. నాకైతే అది అన్యాయంగా అనిపిస్తుంది, కాబట్టి ఎక్కడ కనిపించినా సరిదిద్దండి.

ఇంకో చిన్న జాగ్రత్త. సెర్చ్ చేసేటప్పుడు క్లబ్ పేరు పక్కన "ఫెమినినో" అని చేర్చండి, లేకపోతే ఫలితాలన్నీ మగవాళ్ల జట్టువే వస్తాయి. బెన్ఫికా అమ్మాయిల జట్టుని క్లబ్ వాళ్లు "ఇన్‌స్పిరాదోరస్" అని పిలుచుకుంటారు, ఆ మాటతో వెతికినా నేరుగా దొరుకుతారు. లిస్బన్‌లోనే ఉన్న పోటీ క్లబ్ స్పోర్టింగ్ అమ్మాయిల్ని "లియోవస్" అంటారు, అంటే ఆడసింహాలు. వార్తల్లో క్లబ్ పేరు రాయకుండా ఈ ముద్దుపేర్లతోనే నెట్టుకొచ్చేస్తారు కాబట్టి ఈ రెండూ తెలిసి ఉండటం మంచిది.

కాగితం మీద ఒక గీత గీయండి

నిజంగానే గీయండి, సాయపడుతుంది. ఒక పొడవాటి గీత, దాని మీద నాలుగు చుక్కలు: 1985, 2016, 2018, 2021. మొదటిది జాతీయ పోటీ మొదలైన సంవత్సరం. రెండోది పెద్ద క్లబ్బులు లోపలికొచ్చిన సంవత్సరం. మూడోది బెన్ఫికా మొదలుపెట్టిన సంవత్సరం. నాలుగోది బెన్ఫికా మొదటిసారి లీగ్ గెలిచి, యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ చాంపియన్స్ లీగ్‌లో గ్రూప్ దశలో అడుగుపెట్టిన సంవత్సరం. ఏ ఫలితం చూసినా ఈ గీత మీద ఎక్కడ పడుతుందో చూసుకోండి.

మొదటి రెండు చుక్కల మధ్య దూరమే అన్నిటికన్నా పెద్దది, దాని గురించి రాసిందే అన్నిటికన్నా తక్కువ. అందుకని ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

1985-86 నుంచి 1994-95 దాకా వరసగా పదేళ్లు చాంపియన్ ఒక్కరే, పోర్టో నగరానికి చెందిన బోవిష్టా. తర్వాత 1996-97లో ఇంకోటి గెలిచి మొత్తం 11 చేసుకుంది. ఆ మధ్య లొబావ్, గతోయిష్ లాంటి చిన్న ఊళ్ల జట్లు చాంపియన్లయ్యాయి. గతోయిష్ అయితే మోంటెమోర్-ఒ-వెల్యో దగ్గర ఒక పల్లె, దేశంలో సగం మందికి ఆ పేరే తెలిసి ఉండదు, అలాంటి ఊరి జట్టు జాతీయ చాంపియన్.

ఆ తర్వాత వచ్చింది ప్రిమేరో డి డెజెంబ్రో. లిస్బన్‌కి దగ్గర్లో రాజభవనాలకి పేరున్న సింత్రా వాళ్ల క్లబ్ ఇది. 1640 డిసెంబరు 1న పోర్చుగల్ స్పెయిన్ పాలన నుంచి బయటపడిన రోజు పేరే క్లబ్‌కి పెట్టుకున్నారు. మొదటి లీగ్ 1999-2000లో గెలిచారు. 2001-02 నుంచి 2011-12 వరకు వరసగా పదకొండు. మొత్తం 12. ఈ అంకెని మళ్లీ ఒకసారి చదవండి. బెన్ఫికా ఐదు వరసగా గెలిస్తేనే మనం నోరెళ్లబెడుతున్నాం, సింత్రా అమ్మాయిలు దానికి రెట్టింపు దాటి గెలిచారు. జాతీయ జట్టుకి 145 మ్యాచులు ఆడిన కార్లా కోటో ఆడింది ఇక్కడే. ఎడిట్ ఫెర్నాండెస్ కూడా.

"అప్పట్లో పోటీ ఎక్కడుంది, ఆ టైటిళ్లకి విలువేముంది" అనేవాళ్లకి ఒక మాట. మన రంజీ ట్రోఫీలో బొంబాయి 1958-59 నుంచి పదిహేను సార్లు వరసగా గెలిచింది, ఆ జట్టుని తక్కువ చేసి మాట్లాడే క్రికెట్ అభిమాని ఉంటాడా? పోటీలో ఎంతమంది ఉన్నారో చూడాలి, ఆ ఉన్నవాళ్లలో ఏళ్ల తరబడి కిందపడకుండా నిలబడటం ఎంత కష్టమో కూడా చూడాలి. ఆ అమ్మాయిలు ఫుట్‌బాల్ జీతం మీద బతకలేదు. ఉద్యోగమో చదువో చూసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు.

అలాగని గొప్పలు పెంచి చెప్పక్కర్లేదు కూడా. యూరప్ పోటీల్లో ప్రిమేరో డి డెజెంబ్రో మొదటి గ్రూప్ దశ దాటలేకపోయింది. ఇంట్లో ఎదురులేని జట్టుకి బయట అంత దెబ్బ ఎందుకు తగిలిందో అర్థం చేసుకుంటే 2016లో ఫెడరేషన్ చేసిన పని ఎందుకు అవసరమైందో తెలుస్తుంది. స్వీడన్లో, జర్మనీలో, ఫ్రాన్స్‌లో క్లబ్బులు అప్పటికే డబ్బు పెట్టి, పూర్తికాలం ప్రాక్టీసు చేయిస్తున్నాయి. పోర్చుగల్‌లో అలాంటి ఏర్పాటే లేదు.

2012-13, 2013-14 టైటిళ్లు అట్లెటికో ఒరియెన్స్ తీసుకెళ్లింది, ఫాతిమా క్షేత్రం ఉన్న ఒరెమ్ ప్రాంతం వాళ్ల జట్టు. తర్వాత రెండు ఫోఫోవి. అక్కడితో పాత కాలం అయిపోయింది.

2016 దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోండి

ఆ ఏడాది పోర్చుగీస్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ మగవాళ్ల టాప్ డివిజన్ క్లబ్బుల్ని పిలిచి, మహిళల జట్టు పెడితే నేరుగా మొదటి డివిజన్‌లో చోటిస్తాం అంది. స్పోర్టింగ్, బ్రాగా, ఎస్టోరిల్, బెలెనెన్సెస్ వచ్చాయి. స్పోర్టింగ్ వచ్చీ రాగానే 2016-17, 2017-18 లీగులు గెలిచేసింది, కప్పులు కూడా ఆ రెండేళ్లూ వాళ్లవే. 2018-19 లీగ్ బ్రాగాది. చిన్న ఊళ్ల జట్లలో ఒక్కదానికి కూడా ఆ తర్వాత లీగ్ దక్కలేదు.

ఇది మంచా చెడా? నా అభిప్రాయం అడిగితే, మంచే. జీతాలొచ్చాయి, టీవీలో మ్యాచులొచ్చాయి, విదేశాల్లో ఆడుతున్న అమ్మాయిలు ఇంటికి రాగలిగారు. 2017లో పోర్చుగల్ మొదటిసారి యూరో, అంటే యూరప్ దేశాల చాంపియన్‌షిప్, ఆడింది. కానీ కింది డివిజన్ నుంచి ఏళ్లు పట్టి పైకొచ్చిన క్లబ్బుల పక్కన, అడిగితే చోటు దొరికిన క్లబ్బులు నిలబడ్డాయి అనేది కూడా నిజమే. 2016-17 టైటిల్ చదివేటప్పుడు ఈ రెండూ తలలో పెట్టుకోండి.

బెన్ఫికా ఆ పిలుపుకి అప్పుడు రాలేదు. 2017 చివర్లో జట్టు పెడతామని ప్రకటించింది. అప్పటికి నేరుగా చోటిచ్చే అవకాశం అయిపోయింది కాబట్టి 2018-19లో రెండో డివిజన్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ జట్టు చరిత్రలో వింతైన సీజన్ అదే.

ఆ రెండో డివిజన్ సీజన్‌ని ఎలా చదవాలి

2018 సెప్టెంబరులో మొదటి అధికారిక మ్యాచ్, పాంట్ డి ఫ్రియెలాస్ మీద 28-0. అచ్చుతప్పు కాదు. అదే సీజన్‌లో పేగో మీద 32-0. ఇలాంటి స్కోర్లు చూడగానే జనం స్క్రీన్‌షాట్ తీసి నవ్వుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఒక పక్క బ్రెజిల్ నుంచి డార్లీన్ లాంటి స్ట్రైకర్‌ని తెచ్చుకున్న ప్రొఫెషనల్ జట్టు, ఇంకో పక్క పగలంతా వేరే పని చేసుకుని వచ్చిన అమ్మాయిలు. తప్పు ఆడినవాళ్లది కాదు, అలాంటి ఇద్దరినీ ఒకే మైదానంలో పెట్టిన ఏర్పాటుది. ముప్ఫై గోల్స్ తిని కూడా వచ్చేవారం మళ్లీ బూట్లు కట్టుకుని వచ్చారు చూడండి, వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

కాబట్టి ఆ సీజన్‌లో లీగ్ గోల్స్ సంఖ్యని పక్కన పెట్టేయండి. అది బెన్ఫికా ఎంత బలంగా ఉందో చెప్పదు. చెప్పేది కప్పు. పోర్చుగల్ కప్పులో పై డివిజన్ జట్లు కూడా ఉంటాయి. 2019 మేలో జమోర్‌లోని జాతీయ స్టేడియంలో ఫైనల్, వలదారెస్ గయా మీద 4-0. రెండో డివిజన్‌లో ఉంటూ దేశం కప్పు ఎత్తారు. నేను బెన్ఫికా మొదటి ఏడాది గురించి ఒకే ఒక్క ఫలితం గుర్తుపెట్టుకోమంటే దీన్నే గుర్తుపెట్టుకోమంటాను. ఆ తర్వాత 2019 సెప్టెంబరులో లీగ్ చాంపియన్ బ్రాగాని 1-0తో ఓడించి సూపర్ కప్పు తీసుకున్నారు. ఇంకా పై డివిజన్‌లో సరిగ్గా కుదురుకోకముందే.

ఈ మధ్యలో రికార్డు పుస్తకాల్లో పెద్దగా కనిపించని మ్యాచ్ ఒకటుంది. 2019 మార్చిలో మొజాంబిక్‌ని ఇదాయ్ తుపాను ముంచేసినప్పుడు బాధితుల కోసం బెన్ఫికా, స్పోర్టింగ్ అమ్మాయిలు రెష్టెలో స్టేడియంలో ఒక మ్యాచ్ ఆడారు. 15 వేలకు పైగా జనం వచ్చారు. స్పోర్టింగ్ 1-0తో గెలిచింది. పాయింట్లు లేని మ్యాచే కానీ, లిస్బన్ డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు క్లబ్బుల పోరు, ఆడవాళ్లదైనా జనం టికెట్ కొని వస్తారని అందరికీ తెలిసొచ్చిన రోజు అది. 2023 మార్చిలో లూజ్ స్టేడియంలో ఇదే డెర్బీకి 27 వేలు దాటి వచ్చారు.

పట్టికలు చదివేటప్పుడు పడే గోతులు

పోర్చుగీస్ పాయింట్ల పట్టికలో మనం ఎక్కువగా పొరబడేది డీ అనే అక్షరం దగ్గర. ఇంగ్లిష్ పట్టికలో డీ అంటే డ్రా. పోర్చుగీస్‌లో వీ (V) అంటే గెలుపు, ఈ (E) అంటే డ్రా, డీ (D) అంటే ఓటమి. ఈ తేడా తెలియకుండా పట్టిక చూస్తే ఓడిన మ్యాచులన్నీ డ్రాల్లో కలిసిపోతాయి. గోల్స్ దగ్గర జీఎం అంటే కొట్టినవి, జీఎస్ అంటే తిన్నవి.

2019-20 లీగ్ దగ్గర చాంపియన్ గడి ఖాళీగా ఉంటుంది. కరోనా వల్ల సీజన్ మధ్యలో ఆపేశారు, టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. కానీ చాంపియన్స్ లీగ్‌కి ఒకరిని పంపాలి కదా, ఆ చోటు బెన్ఫికాకి దక్కింది. అందుకే 2020-21 యూరప్ పోటీలో బెన్ఫికా పేరు చూసి "అంతకుముందు ఏడాది లీగ్ గెలిచి ఉంటారు" అనుకోవద్దు. వాళ్ల మొదటి లీగ్ టైటిల్ 2020-21దే.

పోటీల పేర్లు కూడా ఒకసారి విడదీసి పెట్టుకోండి. లీగ్‌ని ఇప్పుడు స్పాన్సర్ బ్యాంకు పేరుతో లీగా బీపీఐ అంటారు. పాత పుస్తకాల్లో కాంపియొనాటో నాసియోనల్ అని, ఇంకా పాతవాటిలో తాసా నాసియోనల్ అని ఉంటుంది. ఇదొక్కటే తిరకాసు, తాసా అంటే కప్పు కాబట్టి బోవిష్టా కాలం నాటి తాసా నాసియోనల్ టైటిళ్లని కప్పుల్లో వేసేస్తారు కొందరు. అవి జాతీయ చాంపియన్‌షిప్‌లే. తాసా డి పోర్చుగల్ మహిళలకి 2003-04లో మొదలైంది, సూపర్ కప్పు 2015లో, లీగ్ కప్పు 2019-20లో. బోవిష్టా గెలిచిన కాలంలో ఏడాదికి గెలవడానికి ఒకే ట్రోఫీ ఉండేది, ఇప్పుడు నాలుగున్నాయి. మొత్తం ట్రోఫీలు లెక్కేసి ఏ క్లబ్ గొప్పదో తేల్చాలనుకునేవాళ్లు ఇది మరిచిపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ఆ నాలుగూ ఒకే ఏడాది గెలిచిన సీజన్ బెన్ఫికాకి 2023-24. లీగ్, కప్పు, లీగ్ కప్పు, సూపర్ కప్పు. దాని విలువ తెలియాలంటే ముందు రెండేళ్ల కప్పు ఫలితాలు చూడండి. 2021-22 కప్పు స్పోర్టింగ్‌ది, 2022-23 కప్పు ఫమలికావ్‌ది. అంటే బెన్ఫికా లీగ్ గెలుస్తున్నా కప్పు చేతికి రాలేదు. 2024-25లో మళ్లీ అంతే, ఫైనల్లో టొరెయెన్స్ 2-1తో బెన్ఫికాని ఓడించింది. టోరెస్ వెద్రాస్ లాంటి ఊరి జట్టు ఐదుసార్ల చాంపియన్‌ని ఫైనల్లో పడగొట్టిందంటే లీగ్‌లో ప్రాణం ఉన్నట్టే.

యూరప్ ప్రయాణానికి నాలుగు స్కోర్లు చాలు

ఒక జట్టు నిజంగా ఎదిగిందా లేదా అని తెలుసుకోవాలంటే ఒకే ప్రత్యర్థితో వేర్వేరు ఏళ్లలో ఏం చేసిందో చూడటం నాకు తెలిసిన మంచి దారి. బెన్ఫికా విషయంలో అదృష్టం కొద్దీ ఆ ప్రత్యర్థి బార్సిలోనా. 2022-23 గ్రూప్ దశలో బయట 9-0 ఓటమి, ఇంట్లో 6-2 ఓటమి. తర్వాతి సీజన్‌లో బయట 5-0 ఓటమి, ఇంట్లో 4-4. ఈ నాలుగు స్కోర్లు వరసగా రాసుకోండి. 9-0 నుంచి 4-4కి పదిహేను నెలలు పట్టింది. అటువైపు ఉన్నది అప్పటి యూరప్ చాంపియన్, ఆ సీజన్‌లో మళ్లీ కప్పు గెలిచిన జట్టు అని గుర్తుంచుకుంటే ఆ నాలుగో స్కోరు బరువు తెలుస్తుంది.

దాని చుట్టూ మిగతావి పేర్చుకోండి. 2020-21లో చెల్సీ చేతిలో 5-0, 3-0. 2021-22లో ట్వెంటేని దాటి గ్రూప్ దశకి చేరారు, పోర్చుగల్ నుంచి అక్కడికెళ్లిన మొదటి క్లబ్ ఇదే. ఆ గ్రూప్‌లో లియాన్, బయెర్న్, హెకెన్. బయెర్న్‌తో 0-0, హెకెన్ మీద గెలుపు, మొత్తం నాలుగు పాయింట్లు. బయటకి చూస్తే నాలుగు పాయింట్లు చిన్నవే. కానీ సింత్రా అమ్మాయిలు ఏళ్ల తరబడి మొదటి గ్రూప్‌లోనే ఆగిపోయిన సంగతి చదివి వచ్చారు కదా, ఇప్పుడు ఆ 0-0 చూడండి, వేరేగా కనిపిస్తుంది.

2023-24లో బార్సిలోనా వెనక రెండో స్థానంలో నిలిచి క్వార్టర్ ఫైనల్ చేరారు. పోర్చుగల్‌కి అదీ మొదటిసారే. లియాన్ చేతిలో 2-1, 4-1 తేడాలతో ఓడిపోయారు. ఇక్కడ కథ ముగించి "అంతా పైపైకే" అని రాసేస్తే అబద్ధమవుతుంది, ఎందుకంటే తర్వాతి ఏడాదే స్వీడన్ జట్టు హామర్బీ అర్హత పోటీలోనే వాళ్లని ఆపేసింది, గ్రూప్ దశ కూడా దక్కలేదు. ఇలాంటి ఏళ్లని దాటేయకుండా చదవండి. ఒక్క రెండు మ్యాచుల పోరు ఓడితే యూరప్ సీజన్ మొత్తం పోతుంది, ఆ టెన్షన్ పోర్చుగల్ లాంటి దేశం క్లబ్బులకి ప్రతి ఏడాదీ ఉంటుంది.

అంకెల వెనక మనుషులు

పేర్లు చాలా ఉన్నాయి కానీ మొదట ముగ్గుర్ని పట్టుకోండి, మిగతావాళ్లు వాళ్ల వెంటే వస్తారు.

ఫిలీపా పతావ్. 2020 డిసెంబరులో కోచ్ బాధ్యత తీసుకున్నారు, 2025లో అమెరికాలోని బోస్టన్ క్లబ్‌కి వెళ్లేదాకా ఉన్నారు. ఆ ఐదు లీగ్ టైటిళ్లూ ఆవిడ ఉండగానే వచ్చాయి. జట్టు చరిత్రని కోచ్‌ల వారీగా విడగొడితే ఆవిడ రాకముందు, ఆవిడ కాలం, ఆ తర్వాత అని మూడు ముక్కలవుతుంది, సీజన్ల కన్నా ఇది తేలిగ్గా గుర్తుంటుంది.

కీకా నజరెత్. టీనేజ్‌లోనే సీనియర్ జట్టులోకొచ్చి 2024లో బార్సిలోనాకి వెళ్లింది. నిన్నటిదాకా తొమ్మిది గోల్స్ కొట్టిన జట్టు ఇవాళ మన అమ్మాయిని కొనుక్కుని తీసుకెళ్లింది, పోర్చుగల్ అభిమానులకి అది ఎంత గర్వమో ఆలోచించండి. ముందు ఏడాది కెనడా ఫార్వర్డ్ క్లోయీ లకాస్ కూడా బెన్ఫికాలో నాలుగేళ్లు ఆడి అర్సెనల్‌కి వెళ్లింది. ఇలా మంచి ఆటగాళ్లు వెళ్లిపోవడం జట్టు బలహీనతగా రాస్తుంటారు. నేనలా చూడను. పెద్ద లీగుల డబ్బుతో పోటీపడలేని చోట ఆటగాళ్లని తయారు చేసి, వాళ్లు వెళ్లాక మళ్లీ లీగ్ గెలవడం మామూలు పని కాదు. సీజన్ చదివేటప్పుడు ఆ వేసవిలో ఎవరు వెళ్లారో పక్కన రాసుకోండి.

మూడో మనిషి డిఫెండర్ కరోల్ కోస్టా. 2023 ఫిబ్రవరిలో న్యూజిలాండ్‌లో కామెరూన్‌తో ప్లే ఆఫ్, అదనపు నిమిషాల్లో పెనాల్టీ, ఆమె కొట్టింది, పోర్చుగల్ 2-1తో గెలిచి మొదటిసారి ప్రపంచకప్‌కి వెళ్లింది. అక్కడ అప్పటి చాంపియన్ అమెరికాని 0-0తో నిలువరించారు, చివర్లో ఆనా కపెతా కొట్టిన బంతి పోస్టుకి తగిలింది, లోపలికి పోయుంటే అమెరికా ఇంటికే. క్లబ్ చరిత్ర చదివేటప్పుడు జాతీయ జట్టు మ్యాచులు పక్కన పెట్టుకుంటే క్లబ్బుల్లో జరిగిన మార్పు ఎందుకు ముఖ్యమో కళ్లకి కడుతుంది.

ఎక్కడ చూడాలి, ఎప్పుడు చూడాలి

సమాచారానికి జీరోజీరో అనే పోర్చుగీస్ ఫుట్‌బాల్ సైట్ మంచిది, ప్రతి మ్యాచ్, ప్రతి ఆటగాడి సీజన్ ఉంటుంది. యూరప్ మ్యాచులకి యూఎఫా సైట్. రోజువారీ వార్తలకి అ బోలా, రికార్డ్, ఓ జోగో పత్రికలు. అన్నీ పోర్చుగీస్‌లోనే ఉంటాయి, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని చదివితే సరిపోతుంది, స్కోర్లూ పేర్లూ మాత్రం అనువాదం మీద వదలకుండా అసలు పేజీలో చూసుకోండి. రెండు చోట్ల అంకె వేరుగా ఉంటే ఫెడరేషన్ వాళ్లదే తీసుకోండి.

వీడియోలకి ఫెడరేషన్ సొంత చానెల్ కెనాల్ 11, 2019లో మొదలైంది, లీగ్ క్లిప్పులు అక్కడ దొరుకుతాయి. 2021 తర్వాతి చాంపియన్స్ లీగ్ మ్యాచుల్ని డాజన్ అనే స్ట్రీమింగ్ సంస్థ యూట్యూబ్‌లో ఉచితంగా చూపించింది, పాత మ్యాచుల కోసం మొదట అక్కడే వెతకండి. మొదటిసారి చూసేవాళ్లయితే 2021 నాటి బయెర్న్ 0-0తో మొదలుపెట్టి, బార్సిలోనా 9-0 కూడా ఓపిగ్గా చూసి, ఆ తర్వాతే 4-4 చూడండి. ముందే 4-4 చూసేస్తే అందులో ఉన్న గొప్పతనం సగమే అందుతుంది.

టైమ్ లెక్క కూడా చెప్పేస్తాను. లిస్బన్ మనకన్నా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం 3కి మ్యాచ్ అంటే హైదరాబాద్‌లో రాత్రి 7:30 లేదా 8:30. గడియారం మారేది మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. డాలస్‌లో ఉన్న మనవాళ్లకి అదే మ్యాచ్ ఉదయం 9కి. మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబరు చివర ఒక వారం మాత్రం అక్కడికీ ఇక్కడికీ గడియారాలు వేరే రోజుల్లో మారతాయి కాబట్టి డాలస్‌లో 10 అవుతుంది. ఆ వారాల్లో చూసుకోకుండా కూర్చుంటే గంట ముందే టీవీ పెట్టేసుకుంటారు.

చరిత్ర పట్టుబడ్డాక లీగ్‌ని ఇప్పటి నుంచి ఫాలో అవ్వాలంటే ముందు స్పోర్టింగ్‌తో డెర్బీలు, బ్రాగా మ్యాచులు పెట్టుకోండి, తర్వాత టొరెయెన్స్. లిస్బన్ దగ్గర్లోని సెయ్షాల్ ప్రాంతం నుంచి ఎదిగిన రేసింగ్ పవర్ అనే కొత్త క్లబ్‌ని కూడా గమనించండి, 2023-24 కప్పు ఫైనల్లో బెన్ఫికాతో ఆడింది వాళ్లే. ఇంకా కింద డివిజన్లలో ఒక కన్ను వేసి ఉంచండి, ఎందుకంటే ఇన్నాళ్లూ బయట ఉండిపోయిన ఎఫ్‌సీ పోర్టో 2024లో మహిళల జట్టు పెట్టి మూడో డివిజన్ నుంచి మొదలుపెట్టింది. వాళ్లు పైకి వచ్చి బెన్ఫికాతో ఆడే రోజున మీ కాగితం మీద గీతకి ఐదో చుక్క పెట్టాలి.